పిలిస్తే వచ్చేవాళ్లు

ఆ వేసవిలో నా కూతుర్ని వాళ్ల నాయన దగ్గరికి పంపించేద్దామనుకున్నాను. అనుకోవడమేమిటి, దాని గౌన్లు మడతపెట్టి మంచం మీద పెట్టాను కూడా. ఇదేం తల్లిరా బాబూ అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. పగలంతా తరగతి నిండా పిల్లల చేత పద్యాలు అప్పచెప్పించుకుని, గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, చిన్నోణ్ణి ఒళ్లోకి తీసుకుని రెండు ముద్దుమాటలు ఆడేలోపు వాడు కెవ్వుమంటాడు. చూస్తే తొడ మీద ఎర్రగా గోళ్ల గుర్తులు. ఎవరు గిల్లారో అడగక్కర్లేదు, పక్కనే నిలబడి ఉంటుంది. ఎందుకు గిల్లావే అంటే గోడకేసి చూస్తుంది. నాకు ముక్కు మీద కోపం, రెండు తగిలిస్తాను. ఏడవదు. ఏడిస్తే నాకూ తేలిగ్గా ఉండేది, దగ్గరకు తీసుకుని ఊరుకునేదాన్ని. ఏడవని పిల్లను ఏం చెయ్యాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

మేముండేది డోన్‌లో, రైల్వే గేటుకు దగ్గర, మేడ మీది రెండు గదుల్లో. మేమంటే నేను, మా అమ్మ, నా ఇద్దరు పిల్లలు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరును. కూతురు అదే బడిలో ఒకటో తరగతి. చిన్నోడు అప్పటికింకా గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మా అన్న రెండు వీధుల అవతల ఉంటాడు, లారీల బుకింగ్ ఆఫీసులో పని. పిల్లల తండ్రి ఎర్రగుంట్లలో, సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట సూపర్‌వైజరు. మా వైపు తండ్రిని నాయన అంటాం. డాడీలు ఈమధ్య ఎక్కువయ్యారు గానీ మా ఇంట్లో, మా అత్తగారింట్లో ఆ పిలుపే నిలిచింది.

ఆయన కొట్టేవాడు. ఈ మాటను మర్యాదగా ఎలా రాయాలా అని చాలా తిప్పి చూశాను. మా మధ్య సర్దుబాటు లేదు అని రాశాను, కొట్టేశాను. ఆయనకు ఆవేశం ఎక్కువ అని రాశాను, అదీ కొట్టేశాను. కొట్టేవాడు, అంతే. పొద్దున డ్యూటీ దిగి, కనురెప్పల మీద బూడిదరంగు దుమ్ముతో వచ్చేవాడు. ఫోను ఎత్తలేదనో, బొరుగుల ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైందనో, పక్కింటామెతో నవ్వుతూ మాట్లాడాననో మొదలయ్యేది. నేనేమీ నోట్లో నాలుక లేనిదాన్ని కాను. మాటకు మాట అనేదాన్ని, దెబ్బకు వీధంతా వినపడేలా అరిచేదాన్ని. వీధి వినేది, వచ్చేది కాదు. తర్వాత ఆయనే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, కూతుర్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని మిరపకాయ బజ్జీలకు తీసుకెళ్లేవాడు. అది గాలికి జుట్టు ఎగురుతుంటే కిలకిలా నవ్వేది. కిటికీలోంచి చూస్తూ, ఈ మనిషేనా ఆ మనిషి, నాకేమైనా మతి చెడిందా అనుకునేదాన్ని. దాని మీద మాత్రం ఆయన ఏనాడూ చెయ్యెత్తలేదు. అది నిజం, నిజమే చెప్పాలి.

చిన్నోడు పుట్టాక, వాడు నా చంకలో ఉండగా ఒకసారి చెయ్యి చేసుకున్నాడు. ఆ రోజు ఆయన డ్యూటీకి పోగానే ఇద్దర్నీ తీసుకుని బస్సెక్కాను. దారి పొడవునా కూతురు ఒక్క ప్రశ్న అడగలేదు. యాడికి పోతాండాం అని కూడా అడగలేదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. ఇల్లు మారింది, ఆయన లేడు, ఇక పిల్లలు కుదుటపడతారు, నేనూ కుదుటపడతాను అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చాలాకాలం నాకు తెలియలేదు.

ఈ గొడవ మొదట నీళ్ల దగ్గర వచ్చింది. మాకు కుళాయి కింద ఉంది, బిందెలు మెట్లెక్కించాలి. ఒక సాయంత్రం ఆఖరి బిందె గడప దగ్గర దించి, నడుం పట్టుకుని, ఓ నాయనా అంటూ కూలబడ్డాను. లోపల బొమ్మలు గీసుకుంటున్న పిల్ల లేచి, పరిగెత్తుకొచ్చి, నా మూతి మీద కొట్టింది. కొట్టి ఊరుకోలేదు, అరచెయ్యి అక్కడే అదిమిపెట్టింది. నేను విదిలించేశాను. ఆట అనుకోమంది మా అమ్మ. నేను అనుకోలేకపోయాను. మూతి మీద దెబ్బ ఎలా ఉంటుందో నాకు ఎరుక కదా. చెయ్యి చిన్నదైనా రుచి అదే. తండ్రి చెయ్యే వచ్చిందిరా దేవుడా దీనికి అనుకున్నాను.

ఆ తర్వాత కత్తిపీటకు వేలు తెగినా అంతే, వేడి మూకుడు అంటుకున్నా అంతే. నాకు ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడికి, ఏ మూలనున్నా వచ్చేది. మనిషికి దెబ్బ తగిలితే అయ్యో అంటారు, ఊదుతారు, పసుపు అద్దుతారు. ఇది వచ్చి మూతి మీద కొడుతుంది. పోయి తలుపు గొళ్లెం పెడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు ఇల్లు ఉడికిపోతుంటే గొళ్లెం ఏమిటే అంటే వినదు.

ఇక తమ్ముడి సంగతి. వాణ్ణి నేను ఎత్తుకుని, దా నాయనా, బువ్వ తిను నాయనా, నా బంగారు నాయనా అని గారం చేశానో, గిల్లుడు. అసూయ అన్నారందరూ, నేనూ అదే అనుకున్నాను. కానీ అసూయ అయితే నేను లేనప్పుడు కూడా ఉండాలి కదా. మా అమ్మ ఒరే చిన్నోడా అంటూ వాడికి తినిపిస్తుంటే ఇది పక్కన చేరి మెతుకులు ఏరి వాడి నోట్లో పెట్టేది. వాడు నిద్రపోతుంటే ఈగలు తోలేది. నేను బడి నుంచి వచ్చి వాణ్ణి ముద్దు చేస్తే చాలు, పూనకం వచ్చినట్టే. మరి నా మీదనా దీనికి కోపం? ఇల్లు విడిచి తెచ్చానని పగ పట్టిందా? ఎటు ఆలోచించినా తల బొప్పి కట్టడమే గానీ ఒక దారీ తెన్నూ దొరకలేదు.

బడిలో చూస్తే బంగారం. దాని టీచరు నన్ను వరండాలో ఆపి మరీ మెచ్చుకునేది, అరుపు లేదు, అల్లరి లేదు, కిందపడినా చప్పుడు చెయ్యదు అని. బడికొచ్చే తల్లులు తమ పిల్లల మొండితనం గురించి నన్నే సలహా అడిగేవాళ్లు. ఓపిక పట్టండి, ఎందుకలా చేస్తున్నారో నెమ్మదిగా కనుక్కోండి అని ఎంత చక్కగా చెప్పేదాన్నో! ఇంటికొచ్చి గొంతు చించుకునేదాన్ని. ఒకోసారి నా అరుపు నాకే ఆయన అరుపులా వినిపించేది.

ఆదివారాలు ఆయన ఫోను చేసేవాడు. పిల్లలతో మాట్లాడనివ్వకపోవడం నాకు న్యాయం అనిపించలేదు, ఇచ్చేదాన్ని. తిన్నావా అంటే ఊఁ, చదువుకుంటాండావా అంటే ఊఁ. ఒక్కసారి నాయనా అని పిలువు తల్లీ అని ఆయన బతిమాలేవాడు. ఆ మాట రాగానే పిల్ల ఫోను మంచం మీద పెట్టి వెళ్లిపోయేది. నువ్వే నేర్పిస్తున్నావు అని ఆయన నా మీద విరుచుకుపడేవాడు. నేను నేర్పలేదని ప్రమాణం చేసినా నమ్మడు. ఎందుకు పిలవదో నాకే తెలియదు, నేనేం చెప్పను?

ఇవన్నీ ఒక ఎత్తు, ప్రార్థన రోజు ఒక ఎత్తు. మా తాతల కాలం నుంచీ మాది చర్చికి పోయే కుటుంబం. వారానికొక ఇంట్లో ఆడవాళ్లు చేరి ప్రార్థన పెట్టుకుంటారు. మా వంతు వచ్చిన మధ్యాహ్నం చాపల నిండా జనం. ప్రార్థన నడిపేది మా అమ్మ స్నేహితురాలు, పెద్దావిడ, గొంతు మైకు అక్కర్లేని గొంతు. మా మీద జాలితో, ప్రేమతోనే మొదలుపెట్టింది. నాయనా, ఈ బిడ్డల గోడు విను నాయనా, తొందరగా రా నాయనా, ఈ ఇంట్లో అడుగుపెట్టు నాయనా అని. మా వాళ్లు దేవుణ్ణి అలాగే పిలుస్తారు. చుట్టూ అందరూ కళ్లు మూసుకుని రా నాయనా, రా నాయనా అని అందుకున్నారు.

నా కూతురు లేచింది. ముందు పోయి గొళ్లెం పెట్టింది. తర్వాత ఆవిడ దగ్గరికి పోయి మూతికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ కళ్లు తెరవకుండానే ఆ చెయ్యి పక్కకు తీసి ఇంకా గట్టిగా పిలిచింది. పిల్ల ఆ చెయ్యి పట్టుకుని కొరికింది. ఆవిడ ఉలిక్కిపడి లేచేసరికి పక్కనున్న టీ గ్లాసుల పళ్లెం బోర్లా పడింది. ఎవరో స్తోత్రం స్తోత్రం అన్నారు, ఎవరో పిల్లను పట్టుకోమన్నారు. అది మూలకు నక్కి, రెండు చేతులతో చెవులు మూసుకుంది. పెద్దావిడ తన చేతి మీది పంటి గాట్లు చూసుకుని, నా వైపు తిరిగి నెమ్మదిగా అంది.

"దీని లోపల ఏందో ఉండాది మా. ఆయన్ని ఇంట్లోకి రానీకుండా అడ్డం పడతాంది."

కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. జాలిగా అంది.  చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ పూట నాకు నా పిల్లంటే భయం వేసింది. సిమెంటు పలకల మీద కూర్చుని గాజుముక్కలు ఏరుతూ, ఓరచూపుతో దాన్నే చూస్తున్నాను. అది నన్ను చూస్తోంది.

మర్నాడే మా అన్న వచ్చాడు. ఊళ్లో మాట పాకింది కదా. పిల్లకు తండ్రి భయం లేక ఇలా అవుతోందని, చిన్నోడికి ఏ కన్నో పోతే ఎవరిది పూచీ అని, సెలవులు ఎలాగూ ఇచ్చారు కాబట్టి కొన్నాళ్లు ఎర్రగుంట్లలో ఉంచమని, కుదురుకుంటే అక్కడే బడిలో చేర్పించవచ్చని చెప్పాడు. ఆయన వైపు పెద్దలు ఎప్పటినుంచో అడుగుతున్నారు, పాపనన్నా పంపించండి అని. ఆయన ఇప్పుడు మారాడట, దాని మీద ఎప్పుడూ చెయ్యెత్తనివాడు ఇప్పుడెందుకు ఎత్తుతాడట. మా అన్న చెడ్డవాడు కాదు. నేను చిక్కి సగమయ్యానని అతని బాధ. నేను ఊఁ అన్నాను. అన్నది నేనేనా అని తర్వాత నన్ను నేనే చాలాసార్లు అడిగాను. నేనే. నాకు ఊపిరాడితే చాలనిపించింది.

శనివారం వాళ్ల జేజి వచ్చి తీసుకెళ్లేలా మాట్లాడుకున్నారు. జేజి అంటే తండ్రి తల్లి, మా అత్త. పొద్దున్నే గౌన్లు మడతపెట్టాను. పిల్లకు విషయం చెప్పాను, జేజి దగ్గరికి పోతావా అని. ఊఁ అంది. అదీ ఊఁ అంటుంది, నేనూ ఊఁ అన్నాను, ఇద్దరిలో ఎవరి ఊఁలో ఏముందో ఆ దేవుడికే తెలియాలి. అది కింద మెట్ల మీద ఆడుకోవడానికి పోయింది. మా అమ్మ చిన్నోణ్ణి తీసుకుని అన్న ఇంటికి పోయి ఉంది. నేను స్టూలెక్కి సజ్జ మీది సూట్‌కేసు లాగాను. పిడి ఊడి, పెట్టె వచ్చి తిన్నగా నా పాదం మీద పడింది.

కళ్లు బైర్లు కమ్మాయి. స్టూలు మీంచి దిగి కింద కూలబడి, "ఓ నాయనో! నాయనా! సచ్చితిని నాయనా!" అని అరిచాను.

మెట్లు ఎక్కుతున్న చప్పుడు. పిల్ల లోపలికి దూకి, గొళ్లెం పెట్టి, నా మీదికి ఎక్కి, రెండు అరచేతులూ నా నోటి మీద అదిమింది. రోజూ విదిలించేదాన్ని. ఆ రోజు నాకు కాలు తప్ప లోకం తెలియడం లేదు, విదిలించే శక్తి లేదు. దాని వేళ్ల సందుల్లోంచే ఊపిరి పీల్చాను. అప్పుడు తెలిసింది, దాని గుండె నా భుజానికి తగిలి ఎంతలా కొట్టుకుంటోందో. కొట్టడానికి వచ్చిన పిల్ల గుండె అలా కొట్టుకోదు. అది నా చెవిలో గుసగుసగా అంది.

"పిలవగాకు మా."

చెయ్యి పక్కకు జరిపి, "ఎవర్ని?" అన్నాను.

"నాయన్ని. నువ్వే పిలుస్తాండావు గదా. ఇనపడితే వస్తాడు."

నాకు అర్థం కాలేదు. నాయన ఎర్రగుంట్లలో ఉన్నాడు, ఆయనకెలా వినపడుతుంది అన్నాను. అది నన్ను చూసిన చూపు, మొద్దు పిల్లలను నేను చూసే చూపులా ఉంది.

"ఆడున్నప్పుడు గూడా నువ్వే పిలుస్తాంటివి. నాయనా నాయనా అని. నువ్వు పిలిచేకొద్దీ ఇంగా కొడ్తాండె."

 బయట రైల్వే గేటు వేశారు కాబోలు, లారీలు వరసగా హారన్లు కొడుతున్నాయి. మరి తమ్ముణ్ణి ఎందుకు గిల్లుతావు అని అడిగాను.

"వాన్ని గూడా నాయనా అంటావు."

"అది ముద్దుకు పాపా."

"వాడు గూడా నాయన అయితే?"

నేను తెలుగు టీచరును. ఒక మాటకు ఎన్ని అర్థాలుంటాయో బోర్డు మీద రాసి, రాయనివాళ్ల చెవి మెలిపెట్టే మనిషిని. నొప్పి పుడితే నాయనా అంటాం, జాలేస్తే నాయనా అంటాం, కొడుకును నాయనా అంటాం, దేవుణ్ణి నాయనా అంటాం. ఈ ఇంట్లో తండ్రి నాయన ఒక్కడే లేడు, మిగతా నాయనలందరూ పొద్దున లేచినప్పటినుంచీ నా నోటి నిండా ఉన్నారు. నా కూతురికి నాయన ఒక్కడే. దాని లెక్కలో దెబ్బలు తినేది నేను, పిలిచేదీ నేను. అమ్మకు నొప్పి వేస్తుంది, అమ్మ ఆయన్ని పిలుస్తుంది, ఆయన వస్తాడు, ఇంకా నొప్పి వేస్తుంది. ఇన్నాళ్లూ అది నన్ను కొట్టలేదు, నన్ను కాపలా కాసింది. నవ్వాలో ఏడవాలో పాలుపోలేదు, రెండూ కలిసి వచ్చాయి.

ఆ అరుపుల్లో నేను పిలిచింది ఎవర్నో కూడా అప్పుడు నాకు సందేహం వచ్చింది. మా నాయన్నే అనుకుంటాను. ఆయన బతికున్నప్పుడు ఎర్రగుంట్ల వచ్చి, నా వాచిన చెంప చూసి, సర్దుకో తల్లీ అని చెప్పి, సాయంత్రం బస్సుకు పోయాడు. తర్వాత రెండేళ్లకు లోకం నుంచే పోయాడు. అయినా నా నోరు ఆయన్నే పిలుస్తోంది. ఎందుకో నాకు తెలియదు.

ఇంతలో కింద గేటు చప్పుడైంది. మా అత్త. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఓ నాయనా, ఓ నాయనా అంటూ వస్తోంది. పిల్ల గొళ్లెం వైపు చూసి, నా వైపు చూసింది. దాన్ని చంకకేసుకుని, కుంటుకుంటూ పోయి నేనే తలుపు తీశాను. ఆమె పిల్లలు తింటారని చేసి తెచ్చిన నిప్పట్ల మూట గడప మీద పెట్టి, తన కొడుకు బస్టాండులో కూర్చున్నాడని, ఇంటికి రావడానికి మొహం చెల్లలేదని చెప్పింది. మంచం మీది గౌన్లు చూసి సంతోషపడింది.

పంపించను అత్తా అన్నాను. పోట్లాటకు సిద్ధంగానే ఉన్నాను, మాటలు కూడా పేర్చి పెట్టుకున్నాను. ఎందుకు పంపనో, పిల్ల ఇప్పుడే ఏమందో మొత్తం చెప్పాను. ఆమె నీళ్లు తాగుతూ వింది. గ్లాసు కింద పెట్టి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"వాడు గూడా అంతే మా," అంది చివరికి. ఎవరు అన్నాను. "నీ మొగుడు. మీ మామ నన్ను కొట్టేటప్పుడు నేనరిస్తే, వచ్చి నోరు మూసేటోడు. ఇంతుంటాడు." చెయ్యి చాపి ఎత్తు చూపించింది. ఆ చెయ్యి పక్కన నిలబడ్డ నా కూతురి తలకు సరిగ్గా సమంగా ఆగింది. "ఒకతూరి ఊపిరాడక నేనే వాన్ని ఇదిలిచ్చి కొడ్తి. మల్ల ఎప్పుడూ రాలే."

 అందుకేనా? ఒక్క దెబ్బకేనా? నేను ఎన్నిసార్లు విదిలించాను, ఎన్ని తగిలించాను? అమ్మ నోరు మూసిన పిల్లాడే ఆ మనిషి అయితే, నా నోరు మూసిన ఈ పిల్ల ఏమవుతుంది? లేక వీటన్నిటికీ ఒకదానితో ఒకటి సంబంధమే లేదా? ఆమెను అడుగుదామనుకున్నాను. ఆమె మొహం చూస్తే, నన్నే అడిగేలా ఉంది.

కొడుక్కి ఏం చెప్పాలో తాను చూసుకుంటానంది. పిల్ల తల నిమరబోయి, మళ్లీ ఏమనుకుందో, నిప్పట్ల మూట దాని చేతిలో పెట్టింది. గోడ పట్టుకుని మెట్లు దిగింది. దిగేటప్పుడు ఒక్కసారి కూడా నాయనా అనలేదు.

గౌన్లు మళ్లీ బీరువాలో సర్దాను. అంతటితో అంతా తేలిపోయిందనుకుంటే పొరపాటు. ముందు నా నోరు నా మాట వినలేదు. చిటికెన వేలు గడపకు తగిలితే చాలు, నాయ... అని సగంలో మింగడం. అమ్మా అని అలవాటు చేసుకున్నాను. అమ్మా అంటే మా అమ్మ వంటింట్లోంచి, ఏంటికి పిలిచినావు అంటూ గరిటెతో వచ్చేది. ఏం లేదు, వేలికి తగిలింది అంటే, ఆ మాత్రానికి పిలుస్తావా, నా పప్పు మాడింది అని తిట్టి పోయేది. కూతురు ఈ తతంగమంతా శ్రద్ధగా చూసేది. ఒకరోజు అదే అడిగింది, మళ్లీ పిలువు, అవ్వ వస్తాదేమో చూద్దాం అని. అవ్వ వచ్చింది. పిల్ల తలూపింది.

చిన్నోణ్ణి చిన్నోడా అనే పిలుస్తున్నాను. గిల్లుడు చాలావరకు ఆగింది. చాలావరకే. మొన్న రబ్బరు బంతి కోసం వాడి వీపు మీద ఒకటి చరిచింది. ఇది అందరిళ్లలో ఉండే చరుపా, ఆ చరుపా అని నేను కూర్చుని ఆలోచిస్తుంటే, వాళ్లిద్దరూ అప్పటికే బంతి మర్చిపోయి చీపురు కోసం కొట్లాడుకుంటున్నారు. ప్రార్థన పెద్దావిడకు కూడా పోయి చెప్పాను, మా ఇంట్లో దేవుణ్ణి ప్రభువా అని పిలవమని. ఆవిడ చేతి మీది గాటు మానింది. ఇన్నేళ్లు నాయనా అన్న నోటితో వేరే మాట ఎలా వస్తుంది మా అని నిజంగానే కష్టపడింది. పిల్లల తండ్రికి ఫోనులో నేనే చెప్పాను, పిల్ల ఎందుకు పిలవదో. అవతల ఫోను కట్ అయింది. ఆ తర్వాతి ఆదివారం చేశాడు గానీ పిలవమని అడగలేదు. సిగ్గుపడ్డాడో, కోపం దిగమింగాడో గొంతును బట్టి నాకు తెలియలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ రెంటికీ తేడా పట్టడం నాకు రాలేదు.

బడులు తెరిచిన వారంలో ఒక సాయంత్రం, మెట్లు దిగుతూ కూతురు బోర్లా పడింది. నేను పైనున్నాను. దబ్ అన్న చప్పుడు విని కిందికి చూస్తే, నాపరాయి అంచుకు మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. నోట్లోంచి మాట లేదు. రెండు చేతులూ తన నోటి మీదే గట్టిగా అదిమిపెట్టుకుని, నా వైపు చూస్తోంది. కిందపడినా చప్పుడు చెయ్యదు అని దాని టీచరు మెచ్చుకున్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

దిగి పక్కన కూర్చున్నాను. చేతులు తీయించి, నొప్పి వేస్తే పిలువు పాపా అన్నాను. ఎవర్ని అంది. నన్ను అన్నాను. నువ్వు ఈడే ఉండావు గదా అంది. న్యాయమే. లేచి పైకి పోయి, తలుపు వెనక నిలబడి, ఇప్పుడు పిలువు అన్నాను. పిచ్చిదానిలా ఉన్నాను, కింది వాటావాళ్లు తొంగి చూస్తున్నారు, చూడనీ.  తర్వాత పిల్లి కూన అరుపంత చిన్నగా అమ్మా అని వినిపించింది.

వచ్చినా అంటూ దిగాను. మళ్లీ పొమ్మంది. మళ్లీ పోయాను. ఈసారి కొంచెం గట్టిగా పిలిచింది, మళ్లీ దిగాను. మూడోసారి వీధంతా వినపడేలా అరిచింది. అచ్చం నా గొంతే. నేను దిగి ముందు నిలబడితే అది నన్ను చూడలేదు, నన్ను దాటి మెట్ల పైకి చూసింది, తర్వాత గేటు వైపు చూసింది. ఇంకెవరూ రాలేదు. అది రూఢి చేసుకున్నాక మోకాలి వంక చూసుకుని, అప్పుడు ఏడ్చింది.